దక్షిణచీనా ముష్టివిద్యలో పాఠభేదములు

గత సంవత్సరము వార్షికోత్సవమునకు పదిదినములు ముందు మా వసతిగృహపు మైదానమున ఒక తగవు పుట్టినది. అది మొదట పిల్లల తగవే. తీర్పు చెప్పబోయి దానిని మేము పెద్దల పొరపాటుగా మార్చితిమి. ఈ వ్యాసమునకు మూలమదియే గావున ముందుగా దానిని చెప్పుట న్యాయము.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు మన పట్టణముననే కరాటే నేర్చుచు, 'సాన్‌చిన్' అను వరుసను పిడికిళ్లు బిగించి చేయుచుండెను. ఆ యేడే ఎనిమిదవ తరగతిలో చేరిన మఱియొక బాలుని తండ్రి పినాంగులో ఉద్యోగము చేయువాడు. ఆ బాలుడు అచ్చట పొరుగింటి చీనా వృద్ధునివద్ద 'సామ్ చియెన్' అను వరుస నేర్చి, దానిని అరచేతులు విప్పి చేయును. రెండు పేర్లకును 'మూడు యుద్ధములు' అనియే యర్థము. అడుగులును నిలుకడయు అక్కచెల్లెండ్రవలె పోలియున్నవి. చేయి మాత్రము వేఱు. ఎవరిది సరియైనదని పిల్లలు పందెములు వేసికొనిరి. మాటకు మాట పెరిగి రెండు చొక్కాలు చినిగినవి. మేము వ్యాయామశాలలోని కరాటే పటమును తెప్పించి చూచితిమి. అందు పిడికిలి బిగించియుండెను. అంతట రెండవ బాలునితో "నీది తప్పు, సరిగా నేర్చుకొని వచ్చిన పిమ్మట చేయుదువుగాని" అని చెప్పి వాని పేరును ఉత్సవ కార్యక్రమమునుండి కొట్టివేసితిమి. "ఆ తాతగారు నాకు ఇట్లాగే నేర్పారండీ మాష్టారూ" అని మాత్రమని వాడు ఊరకుండెను.

వేసవి సెలవులలో ఈ విషయమును గూర్చి దొరికిన పుస్తకములు చదివితిమి; ఆయా శాఖలవారు వరుసలు చేయుచుండగా తీసిన చలనచిత్రములును చూచితిమి. చూచినకొలదిని మా తీర్పు నిలువలేదు. ఎందుచేత నిలువలేదో విద్యార్థులకు తెలియుటకై దక్షిణచీనా ముష్టివిద్యలోని కొన్ని గురుపరంపరలను ఇచ్చట పోల్చి చూపుచున్నాము.

ఇట్టి వివాదములను పరిశీలించుటకు మన సాహిత్యముననే మంచి పద్ధతి యొకటి కలదు. అచ్చుయంత్రము రాకపూర్వము గ్రంథములు తాటాకులపై ప్రతినుండి ప్రతికి దిగుచుండెను. లేఖకుడు ఒకచోట అక్షరమును జాఱవిడుచును. అర్థముకానిచోట తనకు తెలిసిన మాటను పెట్టును. బ్రౌను దొర వేమన పద్యములను ప్రకటింపదలచినపుడు ఒక్క ప్రతిని నమ్మక, పలు ప్రతులను సేకరించి పండితులచే పోల్పించెను. పది ప్రతులలో ఒకే పాఠమున్నను, ఆ పదియు ఒక తల్లిప్రతినుండి దిగినవైనచో అవి పది సాక్ష్యములు కావు, ఒక్కటే. ఒకదానినొకటి యెఱుగని రెండు ప్రతులలో ఒకే పాఠము దొరకెనేని దానికి బలము హెచ్చు. పాఠమును మార్చినవాడు ఫలానా యని తెలిసినచో తగవు సగము తీరినట్లే. గురుముఖమున దిగు దేహవిద్యకును ఇదియే వర్తించును. అయితే అందు తాటాకు లేదు. శిష్యుని శరీరమే ప్రతి. గురువు పొట్టివాడై శిష్యుడు పొడగరియైనచో పాఠము మాఱును. గురువు యౌవనమున ఒకటి, వార్ధక్యమున ఒకటి నేర్పవచ్చును.

ఇక మాటలు. 'కుంగ్ ఫూ' అను చీనామాటకు యుద్ధమని యర్థము లేదు. కాలము వెచ్చించి కష్టపడి సంపాదించిన నేర్పు అని దాని భావము. అది వంటవానికి నుండవచ్చును, వ్రాయసగానికి నుండవచ్చును. ఒంటరిగా నిలిచి, ఎదుట శత్రువున్నట్లు భావించి, మొదటినుండి తుదివఱకు నియతముగా చేయు అడుగుల, దెబ్బల కూర్పును ఈ వ్యాసమున 'వరుస' అందుము. దక్షిణచీనా యనగా ఇచ్చట సముద్రతీరమున నున్న ఫూజియాన్, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములు.

'దక్షిణమున పిడికిలి, ఉత్తరమున కాలు' అని చీనావారి సామెత. దక్షిణమున కాలువలు, పడవలు ఎక్కువ గావున అచ్చటివారు కాలెత్తి తన్నక, కుదురుగా నిలిచి దగ్గరి చేతిదెబ్బలనే వృద్ధిచేసిరని పలువురు వివరింతురు. వినుటకు ఇంపుగానే యున్నది గాని, అదే నదీముఖద్వార ప్రదేశమున పుట్టిన చోయ్ లీ ఫుట్ శాఖలో చేతులు వడిసెలవలె బారలు సాచి తిరుగుచుండును. ఒకే నీరు రెండు విరుద్ధఫలములకు కారణమగునా? కాబట్టి ఆ వివరణమును మేము పూర్తిగా అంగీకరింపజాలము.

మఱియొక కథను గూడ ఆదిలోనే ప్రక్కకు పెట్టవలెను. దాదాపు ప్రతిశాఖయు తన పుట్టుకను దగ్ధమైన యొక షావోలిన్ మఠమునకు, అందుండి తప్పించుకొనిన అయిదుగురు పెద్దలకు ముడిపెట్టును. మఠదహనముతో మొదలగు ఇట్టి కథయే 'స్వర్గభూమి సమాజ' మను రహస్యసంఘమువారి ప్రమాణవిధులలోను కానవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు కడపటి నవలలు దానిని ఇంటింట వ్యాపింపజేసినవి. టాంగ్ హావ్ అను చీనా చరిత్రకారుడు 1930 ప్రాంతముననే ఇట్టి కథలను నిర్దాక్షిణ్యముగా పరిశోధించెను. మనకు ప్రియమైన బోధిధర్ముని కథయు ఆ పరిశోధనలో నిలువలేదు. ఆయన దక్షిణభారతమునుండి వెళ్లినట్లు ప్రాచీన బౌద్ధలేఖ యొకటి చెప్పుమాట నిజమేగాని, ముష్టివిద్య నేర్పెనని చెప్పుటకు ఆధారముగా చూపు వ్యాయామగ్రంథము పదునేడవ శతాబ్దమున పుట్టినది. మనవాడన్న అభిమానముచేత లేని గౌరవమును ఆయనకు అంటగట్టనక్కఱలేదు.

ఇప్పుడు మా తగవునకు మూలమైన 'మూడు యుద్ధముల' వరుసను చూతము. ఇది ఫూజియాన్ సొత్తు. ఆ రాష్ట్రమున యోంగ్‌చున్ మండలపు శ్వేతబక శాఖవారును, చ్వాన్‌జౌ ప్రాంతపు 'పంచపితృ' శాఖవారును దీనిని తొలిపాఠముగా నేర్పుదురు. శ్వేతబక శాఖను ఫాంగ్ చీనియాంగ్ అను కన్య స్థాపించెననియు, కొంగ యొక్క కదలికలను చూచి ఆమె విద్యను కల్పించెననియు ఐతిహ్యము. చూచువానికి ఈ వరుస చప్పగా నుండును. పాదము నేలను విడువకయే వంపుగా లోనికి వచ్చి ముందుకు సాగును. మోకాళ్లు కొంచెము లోనికి తిరుగును, భుజములు దిగియుండును, మోచేతికిని ప్రక్కటెముకకును నడుమ పిడికెడు ఎడము. మూడడుగులు ముందుకు, ప్రతి అడుగునకును చేయి చాపి తీయుట, ఊపిరితో కదలికను కలుపుట. అంతకంటె నందు చూడదగిన విశేషము లేదు. గురువు వచ్చి భుజముపైనను తొడపైనను చఱచి, నిలుకడ చెదరునేమో చూచును.

ఈ వరుస సముద్రము దాటి ఒకినావా ద్వీపమునకు కనీసము రెండుమార్లు వెళ్లినది. హిగాఓన్నా కాన్‌ర్యో (1853–1915) ఫూజౌ నగరమున నేర్చి, స్వగ్రామమైన నాహాకు తిరిగివచ్చి బోధించెను. ఆయన శిష్యుడు మియాగీ చోజున్ (1888–1953) స్థాపించినదే గోజూ శాఖ. కొంతకాలమునకు ఉయేచీ కాన్‌బున్ (1877–1948) అను మఱియొక ఒకినావావాడు 1897లో ఫూజౌకు పోయి, పదియేండ్లకు పైగా అచ్చట నుండి, వేఱొక గురువువద్ద అదే వరుసను నేర్చివచ్చెను. ఉయేచీ శాఖలో నేటికిని అరచేతులు విప్పియే చేయుదురు. గోజూ శాఖలో పిడికిళ్లు బిగింతురు. మా పటము గోజూవారిది.

పరిష్కర్తవలె లెక్కింతము. యోంగ్‌చున్‌వారు, చ్వాన్‌జౌవారు, ఉయేచీవారు ఒకరివద్ద నొకరు నేర్చినవారు కారు. మువ్వురును చేయి విప్పుదురు. నాల్గవవారు మాత్రము బిగింతురు. వారిలోనే హిగాఓన్నా మొదట చేయి విప్పియే నేర్పెననియు, పాఠశాల బాలురకు బోధింపబూనినపుడు పిడికిలి వచ్చినదనియు ఒక వాడుక యున్నది. మియాగీ మఱియొక మార్పును చేసెను. హిగాఓన్నా వరుసలో వెనుకకు తిరుగుట రెండుమార్లుండెను. మియాగీ తిరుగుడులు తీసి, ముందుకు నడిచి అట్లే వెనుకకడుగులు వేయు చిన్నవరుసను కల్పించెను. కావున విప్పిన చేయి ప్రాచీనపాఠము, పిడికిలి నవీనపాఠము. మా తీర్పు సరిగా తలక్రిందులైనది.

అంతమాత్రముచేత పిడికిలి దోషమని తలపరాదు. పిడికిలి బిగించినచో ముంజేతినుండి ఱొమ్ము ప్రక్కవఱకు కండరములన్నియు ఒక్కసారిగా బిగియును. బిగువునే సాధించుట అభిప్రాయమైనపుడు అది సులభమార్గము. చేయి విప్పినపుడు వ్రేళ్లకొనలు ఈటెమొనలగును. తాకిన క్షణముననే పట్టుకొనుటకును వీలుండును. ఎవరి ప్రయోజనమునకు తగినట్లు వారు చేసికొనిరి. తప్పు వారిది గాదు. ఒక్క పటమును చూచి రెండవదానిని అబద్ధమన్న మాది.

ఒకే గురువునుండి దిగిన శాఖలలో పాఠభేదము ఎట్లు పుట్టునో తెలియుటకు గ్వాంగ్‌డాంగ్‌లోని వింగ్ చున్ విద్య మంచి నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్దమున ఫోషాన్ పట్టణమున లియూంగ్ జాన్ అను వైద్యుడు దీని నేర్పెను. ఆయన శిష్యుడు చాన్ వా షున్ నాణెములు మార్చు వర్తకుడు. వాని కడపటి శిష్యుడు ఇప్ మాన్ (1893–1972). లియూంగ్ జాన్ వార్ధక్యమున తన స్వగ్రామమైన గూలావ్‌నకు వెళ్లి అచ్చటను కొందఱికి నేర్పెనని చెప్పుదురు. చిత్రమేమనగా, ఫోషాన్ సంతతివారికి మూడు దీర్ఘములైన వరుసలున్నవి. గూలావ్ సంతతివారికి అవి లేవు. వారు పండ్రెండో, ఇరువదిరెండో, కొన్ని కుటుంబములలో నలువదియో చిన్నచిన్న విడి అభ్యాసములు చేయుదురు. ఎదుటివానికి ఱొమ్ము చూపక ఒక ప్రక్కగా నిలుతురు. ఒకే గురువు, రెండు పాఠములు! వృద్ధుడు తన అనుభవసారమును మాత్రము వడగట్టి యిచ్చెనని గూలావ్‌వారందురు. పూర్ణవిద్య తమదని ఫోషాన్‌వారందురు. పల్లెటూరివారి తీరికకు తగినట్లు పాఠమును కుదించుట ఏ ఉపాధ్యాయుడైనను చేయునదే యని మాకు తోచుచున్నది. మేమును సాయంకాలపు తరగతివారికి వ్యాకరణమును అట్లే చెప్పుచున్నాము.

ఫోషాన్‌లోనే యుయెన్ కే సాన్ (1889–1956) అను మఱియొకని పరంపర యున్నది. వాని శిష్యుడు సమ్ నుంగ్ దానిని గ్వాంగ్‌జౌ నగరమున నిలిపెను. వీరికిని మూడు వరుసలున్నవి. వానికి తోడు పండ్రెండు విడి అభ్యాసములును గలవు. మొదటివరుస పేరు ఇప్ మాన్ పరంపరలో 'సియూ నిమ్ టావ్', అనగా చిన్నతలంపు. వీరిలో 'సియూ లిన్ టావ్', అనగా చిన్న ఆరంభాభ్యాసము. కాంటన్ మాటలో నకార లకారములు తఱచుగా ఒకదానికొకటి మాఱును; చెవికి రెండు పేర్లును దగ్గరగా వినిపించును. తలంపు అన్నవారు మనస్సు నిలుపుటను గూర్చి ఉపన్యసింతురు. అభ్యాసమన్నవారు చేతిని దిద్దుటను గూర్చి చెప్పుదురు. రెండవ వరుసయైన 'చమ్ క్యూ' మఱియు చిక్కైనది. క్యూ అనగా వంతెన. దక్షిణచీనా శాఖలన్నింట ముంజేతిని వంతెన యందురు, అది మనకును శత్రువునకును నడుమ దారి గావున. చమ్ అను ధ్వనికి 'వెదకుట' యను అక్షరమొకటి, 'క్రుంగదీయుట' యను అక్షర మొకటి. ధ్వని ఒకటే, స్వరముకూడ నొకటే. వంతెనను వెదకుట యని వ్రాయువారు ఎదుటివాని చేతిని ముందుకుపోయి తాకుటను ముఖ్యముగా నెంతురు. క్రుంగదీయుట యని వ్రాయువారు తాకిన చేతిని మోచేతి బరువుతో అణచుటను ముఖ్యముగా నెంతురు. వరుసలో రెండు పనులును ఉన్నవి. చదువురాని కూలివానికిని పడవవానికిని నోటిమాటగా దిగిన పేరు, చదివినవాని చేతికి వచ్చినపుడు ఏదో యొక అక్షరమును ధరింపక తప్పదుగదా. శాఖపేరే అట్టిది: ఈ వింగ్ చున్ అక్షరములు వేఱు, శ్వేతబకమునకు పుట్టినిల్లైన యోంగ్‌చున్ మండలపు అక్షరములు వేఱు, కాంటన్ ఉచ్చారణలో రెండును స్వరభేదముతో ఒకటే. దీనిని పట్టుకొని రెండింటికిని బంధుత్వము కల్పించువారున్నారు. మోకాళ్లు లోనికి తిప్పు నిలుకడయు, ఱొమ్ము నడిమి రేఖను కాచుటయు రెండింటను ఉన్నమాట నిజము. పేరు మాత్రమే సాక్ష్యముగా చాలదు.

ఇప్ మాన్‌ను గూర్చి ఇంకొంత చెప్పవలెను. ఈయన బాల్యమున హాంగ్‌కాంగ్‌లోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివెను; అది 1903లో మిషనరీలు స్థాపించిన పాఠశాల గావున మన పాఠకులకు ఆసక్తిగా నుండును. అచ్చట లియూంగ్ జాన్ కుమారుని కలిసికొని చాన్ వా షున్ నేర్పని సూక్ష్మములను నేర్చితినని ఆయన చెప్పుకొనెను. కొందఱు దానిని నమ్మరు. 1949లో ఫోషాన్ విడిచి హాంగ్‌కాంగ్ చేరి, 1950లో భోజనశాలల పనివారి సంఘమున పాఠములు ప్రారంభించెను. అచ్చటనే విద్య రూపుమాఱినది. వింగ్ చున్‌లో కొయ్యమనిషితో చేయు అభ్యాస మొకటున్నది: దుంగకు మూడు చేతులు, ఒక కాలు. ఫోషాన్‌లో దుంగను నేలలో పాతెడివారు. హాంగ్‌కాంగ్‌లో మేడమీద అద్దెగదిలో నేల యెక్కడిది? కావున దానిని రెండు అడ్డబద్దలపై గోడకు అమర్చిరి. పాతిన దుంగ కదలదు. బద్దలపై నున్నది కొట్టినపుడు వెనుకకుపోయి తిరిగివచ్చును. ఆ తిరిగివచ్చు బలమును చేతితో ఎఱుగుట క్రొత్త గుణమైనది. దానిని నేడు కొందఱు సనాతనరహస్యముగా బోధింతురుగాని, అది ఇంటియద్దెల వలన పుట్టినది. దుంగవరుసకు పూర్వము 108 కదలికలని లెక్క. మన జపమాలకువలె చీనావారికిని అది శుభసంఖ్య. ఇప్ మాన్ వరుసలో 116 లెక్కింతురు. శుభసంఖ్యను విడిచి ఎనిమిదిని కలుపుటకు ధైర్యము కావలెను.

1972లో మరణమునకు కొలదికాలము ముందు ఆయన చేయుచుండగా చిన్న చలనచిత్రము తీసిరి. వ్యాధిచే కృశించిన వృద్ధుడు. చేతులు మాత్రము తడబడవు. ఆ చిత్రము ఇప్పుడు ప్రమాణగ్రంథమైనది. శిష్యులు మాత్రము ఏకమతులు కారు. నడుము త్రిప్పునపుడు శరీరభారమంతయు వెనుకకాలిపై వేయవలెనని కొందఱు, రెండుకాళ్లకు సమముగా నుండవలెనని కొందఱు. ఇరుతెగలవారును గురువువద్ద స్వయముగా నేర్చినవారే. 1950లో చేరినవాడును 1970లో చేరినవాడును చూచినది ఒకే గురువు నైనను ఒకే దేహమును గాదు.

అచ్చుపుస్తకము పాఠమును స్థిరపఱచుటకు హుంగ్ శాఖ యుదాహరణము. గ్వాంగ్‌జౌలో పావ్ జీ లామ్ అను మందులయంగడి నడపిన వాంగ్ ఫే హుంగ్ (1847–1925) దీని ప్రసిద్ధాచార్యుడు; 1924లో వర్తకదళపు తిరుగుబాటునాడు ఆ యంగడి దగ్ధమైనది. ఆయన పేర 1949నుండి తీసిన చలనచిత్రములు లెక్కకు మిక్కిలి గావున మనిషికంటె కథ పెద్దదైనది. శిష్యుడు లామ్ సాయ్ వింగ్ వరుసలను చిత్రములతో పుస్తకములుగా వెలువరించెను. 'వ్యాఘ్రదమనము', 'వ్యాఘ్రబకయుగళము', 'ఇనుపతీగ' అనునవి ముఖ్యములు. ఇనుపతీగ వరుస పందొమ్మిదవ శతాబ్దపు లియూంగ్ క్వాన్‌నుండి వచ్చినదందురు; ముంజేతులకు ఇనుపకడియములు ధరించి, మెల్లగా, గొంతెత్తి శబ్దము చేయుచు, శ్వాసముతో బిగువును పెంచుచు చేయుదురు. 'మూడు యుద్ధముల'తో దీనికి గురుసంబంధము గానరాదు, ప్రయోజనసంబంధము స్పష్టముగా నున్నది. వాంగ్ యొక్క మఱియొక శిష్యుడు టాంగ్ ఫాంగ్ సంతతివారు అవే పేర్లుగల వరుసలను కొన్ని భేదములతో చేయుదురు. లామ్ పుస్తకము చదివినవారు వారిని 'తప్పినవారు' అనుట గలదు. అచ్చయినది ఒక శిష్యుని పాఠము. అచ్చుకాని శిష్యుడు అబద్ధికుడగునా? మాకిది చదువునపుడు మా పటము జ్ఞప్తికి వచ్చి సిగ్గుగా నుండెను.

చోయ్ లీ ఫుట్ శాఖను చాన్ హియూంగ్ 1836లో సిన్‌హుయ్ మండలపు కింగ్ మూయ్ గ్రామమున స్థాపించెను. చోయ్, లీ అనునవి ఇద్దఱు గురువుల యింటిపేర్లు. ఫుట్ అనగా బుద్ధుడు. కింగ్ మూయ్‌లోని చాన్ కుటుంబమువారికి నూటికి మించిన వరుసలు గలవు. ఫోషాన్ 'హుంగ్ సింగ్' సంఘము చియూంగ్ యిమ్ అను శిష్యుని పేర వెలసినది. ఆయనను శిష్యుడే యని చాన్‌వారు, సహస్థాపకుడని ఫోషాన్‌వారు చెప్పుదురు. సంఘపు పేరును సైతము ఇరువురు ఒకే ధ్వనిగల భిన్నాక్షరములతో వ్రాయుదురు. గ్వాంగ్‌జౌ నగరపు 'బాక్ సింగ్' శాఖీయుడు టామ్ సామ్ గురువును పూర్ణశిక్షకు ముందే విడిచెనని ప్రతీతి. కాబట్టి వాని శాఖలో వరుసలు కొద్ది. ఉన్న నాలుగు దెబ్బలను వేయిసారులు కలిపి విడదీసి చేయుదురు. 1929 ప్రాంతమున ఉత్తరదేశపు కూ యూ చియూంగ్ ఆ నగరమునకు రాగా ఈ ఇరువురును తమ శిష్యులను పరస్పరము పంపుకొనిరి. విద్యలో దరిద్రుడని యెగతాళికి గుఱియైనవాడు పరుల విద్యకు తలుపు తెఱచుట మాకు మిక్కిలి నచ్చినది. ఈ శాఖవారి కేకలు పిల్లలకు వినోదముగా నుండును: పిడికిలికి 'యిక్', పులిపంజాకు 'వా', తన్నునకు 'దిక్'.

ఒకే దెబ్బను తీసికొని చూచినచో శాఖల స్వభావము తేటపడును. ఎదుటివాడు మన ముఖమునకు నేరుగా పిడికిలి విసరెననుకొందము. హుంగ్ శాఖీయుడు గుఱ్ఱమెక్కినట్లు తొడలు చాచి క్రుంగి నిలిచియుండును. ఉక్కువంటి ముంజేతితో ఆ చేతిని కొట్టి ఆపి, పట్టి, వెంటనే పులిపంజా వేయును. వంతెనను వంతెనతో విఱుచుట యన్నమాట. వింగ్ చున్ వాడు ఇఱుకుగా నిలిచి, ఒక అరచేతిని వెల్లకిలగా ముందుకు చాపుటచే దెబ్బను ప్రక్కకు జాఱ్చును. అదేక్షణమున రెండవచేయి నడిమిరేఖవెంట శత్రువు ఱొమ్మును తాకును. కాపును దెబ్బయు వానికి రెండు పనులు గావు. చోయ్ లీ ఫుట్ వాడు దారిలోనే నిలువడు. నడుము త్రిప్పి ప్రక్కకు తొలగి, పిడికిలి వెనుకభాగముతో ఆ చేతిని పైనుండి క్రిందికి కొట్టి, రెండవచేతిని బారెడు చుట్టి వడిసెలరాయివలె కణతకు విసరును. శ్వేతబకమువాడు కొంగ ఱెక్క విదిలించునట్లు, తాకినచోటనే చేతిని వణకించి వదలును. నలువురును కుదురైన నేలమీదనే నిలిచినారు. వంతెన యను మాట కొయ్యక్షరమువలె నలువురి నోటను నున్నది. అయినను ఒకని వరుసను చూచి మఱియొకని దిద్దబోయినచో నవ్వులపాలగుదుము. గుఱ్ఱపునిలుకడలో క్రుంగినవాడు ప్రక్కకు దూకలేడు, ఇఱుకుగా నిలిచినవాడు బారచేయి విసరలేడు. పాదము మాఱినచో చేయి మాఱును.

ఒక శాఖలో దోషమునకును పాఠభేదమునకును తేడా లేదా యని మా సహోపాధ్యాయులొకరు అడిగిరి. ఉన్నది. మోచేయి ప్రక్కకు ఎగిరినచో మూడు యుద్ధముల వరుసలో అది ఫూజియాన్‌లో తప్పు, ఒకినావాలో తప్పు, పినాంగులోను తప్పు. భుజము చెవివఱకు లేచినచో ఎల్లెడల తప్పు. శాఖలన్నియు దేనిని దిద్దునో అది దోషము. ఒక శాఖ దిద్దగా మఱియొకటి నేర్పునది భేదము. ఆనాడు మైదానమున మేము చూడవలసినది మోచేతులను. చేతులను చూచితిమి.

జూన్ మాసమున పాఠశాల తెఱచినప్పుడు ఆ బాలుని పిలువనంపితిమి. వాడు రాలేదు. తండ్రి వచ్చి సెలవులలోనే తిరిగి పినాంగునకు తోడ్కొనిపోయెనని వసతిగృహపు పుస్తకమున వ్రాసియున్నది. పిడికిలి బిగించు బాలుడు ఇప్పుడు పదవ తరగతిలో నున్నాడు. ఆ వరుసను చేయి విప్పి యొకసారి చేయుమని వానిని అడిగితిమి. చేసెను; మోచేయి పిడికెడు ఎడముననే నిలిచెను. "వాడిది కూడా ఇంతే కష్టమండీ మాష్టారూ" అనెను. కార్యక్రమపత్రికలో కొట్టివేసిన పేరును ఈ సంచికలోని విద్యార్థుల పట్టికలో తిరిగి చేర్పించితిమి. అచ్చయిన తొలిప్రతిని వానికి పంపుటకై పినాంగు చిరునామాను వాని నాయనమ్మగారివద్ద తెప్పించియున్నాము.